జానెడు వాలు

రాయగడ, 1932 నవంబరు 7, సోమవారం

దివాను లక్ష్మీనరసింహం పంతులుగారు పొద్దున్నే కబురు పెట్టారు. క్రిస్మసు వెళ్ళాక మద్రాసు నుంచి పెద్ద దొర ఒకాయన ఎస్టేటు చూడ్డానికి వస్తున్నాడట. మకాం మన దొరల బంగళాలోనే.

"నీళ్ళ సంగతి తేల్చాలి భావనారాయణా" అన్నారు.

ఏ నీళ్ళ సంగతో నాకు విప్పి చెప్పక్కర్లేదు. పోయినేడు వచ్చిన దొర స్నానాల తొట్టిలో కూర్చుని ఉండగా నీళ్ళు మోసే మన గున్నయ్య బిందెతో లోపలికి వెళ్ళాడు. దొర అరిచాడు. దొర అరిచాడని గున్నయ్యా అరిచాడు. బిందె దొర మోకాలి మీద పడింది. ఆ దొర వెళ్ళి పైవాళ్ళకి ఏం చెప్పాడో గాని, దివానుగారికి రావలసిన రావుసాహెబు బిరుదు ఇంకా రాలేదు.

"ఈసారి నీళ్ళు మనుషులు లేకుండా రావాలి" అన్నారు. అంటే గొట్టం. ఎస్టేటు మరామతులు చూసేవాణ్ణి నేనే కాబట్టి, నేను.

గొట్టం ఎటునుంచి వెయ్యాలో తేలేసరికి మధ్యాహ్నం దాటింది. నేల తవ్వుదామంటే హాల్లో కొత్త గచ్చు. రాజావారు చెప్పులు విప్పి నడిచి మెచ్చుకున్న గచ్చు. బయటి గోడ వెంట వేద్దామంటే కోతులు పట్టుకుని ఊగుతాయన్నారు దివానుగారు. ఊగుతాయి, కాదనను. ఇక మిగిలింది హాలు కప్పు. తూర్పున మెట్ట మీదున్న నీళ్ళ తొట్టి నుంచి గోడలోంచి లోపలికొచ్చి, కప్పు కింద హాలు పొడుగునా సాగి, పడమటి స్నానాల గదిలో దిగాలి.

"దొర తలెత్తి చూస్తే గీత గీసినట్టుండాలి. కాస్త వంకరున్నా నువ్వెళ్ళి పార్వతీపురంలో మీ మామగారింట్లో కూర్చోవచ్చు" అన్నారు.

కాత్యాయని పార్వతీపురంలోనే ఉంది. జ్వరాల కాలం వెళ్ళాక వస్తానంది. ఇంకా వెళ్ళినట్టు లేదు.

మా ఇంట్లో వెనక గది తాళంచెవి ఎక్కడో పడిపోయింది. వెతకాలి.

నవంబరు 11

గొట్టాలు రైల్లో వచ్చాయి. వాటితోపాటు ఫిట్టరు ఆదిశేషు కూడా దిగాడు. వాల్తేరు రైలుషెడ్డులో పనిచేసి మానేశాడట. ఎందుకు మానేశావంటే, "ఆళ్ళకి తిన్నగా సూడ్డం రాదు బాబూ" అన్నాడు. మనిషి పొట్టి. మీసాలు మాత్రం మంచి పొడుగు, రెండు పక్కలా సమంగా ఉన్నాయి.

నా రబ్బరు గొట్టం చూపించాను. రెండు చివర్లా గాజు గొట్టాలు బిగించి నీళ్ళు పోసింది. ఈ చివర నీరెక్కడ నిలుస్తుందో ఆ చివరా అదే ఎత్తున నిలుస్తుంది. హాలు ఎంత పొడుగైనా సరే. లోపల బుడగ లేకుండా చూసుకుంటే చాలు.

"నీల్లేటి బాబూ, నిమిసం నిలబడవు. తాడుంది సూడండి, తాడు అబద్దవాడదు."

"తాడు నడుమ కుంగుతుంది కదా?"

"నా తాడు కుంగదు."

పట్టి చూశాం. కుంగింది. మీసం దువ్వుకుంటూ నిలబడి, రాయగడ గాలిలో చెమ్మెక్కువన్నాడు.

వాలు దగ్గర మళ్ళీ పేచీ. గొట్టం మట్టంగా వేస్తే లోపల గాలి కూర్చుంటుంది, నీరు కదలదు. తొట్టి కూడా ఆ గాలిని తోసేంత ఎత్తులో లేదు. నేను ఈ చివరికీ ఆ చివరికీ కలిపి బెత్తెడు వాలు చాలన్నాను. అతను మూరెడు కావాలన్నాడు. చివరికి జానెడు అనుకున్నాం. అతని జానా, నా జానా అని ఇంకాసేపు పోట్లాడి, నా జానెడు.

నవంబరు 15

కప్పు మీద నేరుగా గీత పట్టడం కుదరదు. ఒకడు నిచ్చెన మీదుంటే రెండోవాడు ఎక్కడో ఉంటాడు. అందుకని ముందు నేల మీద గీత. నిచ్చెనెక్కి తూకపుగుండు వదిలితే, దాని మొన కింది గీతను తాకినచోటల్లా పైన గుర్తు పెట్టుకోవడమే. తాడుకి ఎర్రజాజు పూద్దామంటే గచ్చు పాడవుతుందని దివానుగారు కళ్ళెర్రజేశారు. బియ్యప్పిండి పూశాం. తాడు లాగి వదిలితే గచ్చు మీద ఈ గోడ నుంచి ఆ గోడకి తెల్లటి గీత పడింది. చాలాసేపు దాన్నే చూస్తూ నించున్నాను. అంత తిన్ననిది ఈ ఊళ్ళో ఇంకోటి లేదు.

కాత్యాయనికి ఉత్తరం రాశాను. గీత గురించి.

నవంబరు 16

గీత లేదు. దాని చోట హాలు పొడుగునా ముగ్గుంది. పద్మాలు, పద్మాలకి తీగలు, తీగల మీద చిలకలు. బంగళా ఊడ్చే గున్నమ్మ తెల్లారగట్ట వచ్చి వేసింది.

"ఎందుకేశావు?"

"ఎవులో గీత గీసి ఒగ్గీసినారు బాబూ. ఒట్టి గీత ఇంట్లో ఉంటే మంచిదేటి? నడుం పడిపోయింది ఏసీసరికి."

ఆదిశేషు నిచ్చెనెక్కి, గుండు వదిలి, ఏ చిలక ముక్కు మీద గుర్తు పెట్టమంటారని అడుగుతున్నాడు.

నవంబరు 17

మళ్ళీ గీత. గున్నమ్మను దగ్గరకు రానివ్వలేదు. పైన గుర్తులు పడ్డాయి.

నవంబరు 24

గొట్టం ఎక్కింది. కొక్కేలన్నీ సరిపోయాయి. చివరి కొక్కెం బిగిస్తూ ఆదిశేషు పాట పాడాడు. నీరు వదిలితే గొంతు సవరించుకున్నట్టు కాస్త చప్పుడు చేసి, స్నానాల గదిలో ధారగా పడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గచ్చు దుమ్ము వల్ల.

నవంబరు 25, శుక్రవారం

దివానుగారు వచ్చారు. హాలు నడిమధ్య నించుని తల ఎడమకి వంచారు, కుడికి వంచారు.

"వంకరగా ఉందేమిటోయ్?"

"తిన్నగానే ఉందండి. వాలుగా ఉంది."

"తిన్నగా ఉంటే వాలెందుకుంటుంది?"

తాడు కట్టి చూపించాను. గొట్టం తాడుని ఆద్యంతం ముద్దు పెట్టుకున్నట్టుంది, వెంట్రుక దూరదు. "తాడూ వంకరగానే ఉంది" అన్నారు. బుడగతో మట్టం చూపే రసమట్టం పెట్టి, జానెడు వాలు ఎందుకో, గాలి ఎలా కూర్చుంటుందో చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నారు.

"అదంతా సరేనయ్యా. దొర రసమట్టం పట్టుకుని చూస్తాడా, కళ్ళతో చూస్తాడా?"

రసమట్టం తీసి సంచిలో పెట్టేశాను.

మట్టంగా మార్చమంటే మార్చగలను, నీరు రాదు అన్నాను. నీరు రావాలి, మట్టంగానూ కనిపించాలి అన్నారు. ఆదిశేషు వెనక నుంచి, "నీల్లకి సెప్పి సూత్తాను బాబూ" అన్నాడు. దివానుగారు అతన్ని అప్పుడే పంపించెయ్యమన్నారు. పంపితే గొట్టం విప్పడానికైనా మనిషుండడన్నాను. అలా ఆగాడు.

నవంబరు 28

కచేరీ శిరస్తాదారు మూర్తిగారి సలహా: దొర ఎప్పుడూ నించునే చూడడు కదా, పడుకుని కూడా చూస్తాడు, పడుకుంటే ఎలా కనిపిస్తుందో చూడాలి. హాల్లో మంచం వేయించారు. దివానుగారు పడుకున్నారు. పడమటికి దిగుతోందన్నారు. మంచం తిప్పించారు. తూర్పుకి ఎక్కుతోందన్నారు. తరవాత మూర్తిగారు పడుకుని దివానుగారన్నట్టే ఉందన్నారు. ఆ తరవాత కచేరీలో ఉన్నవాళ్ళంతా వరసగా వచ్చి పడుకుని అభిప్రాయాలు చెప్పారు. ఒక గుమాస్తా ఎంతకీ అభిప్రాయం చెప్పకపోతే దగ్గరికెళ్ళి చూశాం. నిద్రపోతున్నాడు.

ఊళ్ళో సగంమందికి మెడలు పట్టేశాయి. కంపౌండరు దగ్గర కర్పూరతైలం అయిపోయింది. ఈ నెల జ్వరాలేమైనా వచ్చాయా అని అతన్ని అడిగాను. ఒక్కటీ లేదండి, అందరికీ మెడలే అన్నాడు.

జ్వరాలు కొన్నాళ్ళు దాక్కుని మళ్ళీ వస్తాయి. కాత్యాయని తొందరపడి రాకపోవడమే మంచిది. అదే రాశాను, గొట్టం సంగతి కూడా.

డిసెంబరు 1

దివానుగారికి ఉపాయం తోచింది. గొట్టాన్ని మార్చలేకపోతే హాలునే మార్చేద్దాం.

నవ్వబోయాను. ఆయన నవ్వలేదు.

డిసెంబరు 5

కప్పుకీ గొట్టానికీ నడుమ, గొట్టానికి సరిగ్గా సమంగా, అంతే వాలుగా, తెల్లటి చాందినీ గుడ్డ కట్టించాం. కట్టడం తేలికేం కాదు. ప్రతి కొక్కేనికీ నా జానెడు లెక్కలోంచి దాని వాటా తీసి గుర్తు పెట్టాను. ఇప్పుడు పైకి చూస్తే గొట్టం చక్కగా ఉంది. చాలా చక్కగా ఉంది. దివానుగారు నా భుజం తట్టారు.

తరవాత ఆయన కళ్ళు గోడ మీదికి దిగాయి. రాజావారి తాతముత్తాతల పటాలన్నీ పడమటి వైపు పైకి లేచినట్టు కనిపిస్తున్నాయి.

డిసెంబరు 6

పటాలు వాల్చాం.

డిసెంబరు 7

ద్వారబంధాలకు పైన గుడ్డ కప్పి వాలుగా కత్తిరించాం. బల్లలకి తూర్పు కాళ్ళ కింద చెక్కలు. అలమారాకీ చెక్కలు. ఆదిశేషు ఈ పని మహా సంబరంగా చేస్తున్నాడు. "ఇన్నాల్లకి నా పనికి తగ్గ ఇల్లు దొరికినాది బాబూ" అన్నాడు.

డిసెంబరు 9

ఇక నేలొక్కటే ఒప్పుకోవడం లేదు. గచ్చు మీద తూర్పు వైపు ఎత్తుగా పలకలు పరిపించి తివాసీ వేయించారు. జానెడు చాలదు, తివాసీ మింగేస్తుంది, మూరెడు పెట్టమన్నారు. ఆదిశేషు నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. మూరెడు అతని మాట కదా.

హాలు పూర్తయింది. లోపల నించుంటే అన్నీ ఒకదానికొకటి సరిపోయాయి. ఎక్కడా తప్పు లేదు. బయటికొస్తే కడుపులో తిప్పుతుంది. మూర్తిగారు మెట్ల దగ్గర వాంతి చేసుకున్నారు. నిమ్మకాయ వాసన చూపించాం.

డిసెంబరు 10

మూర్తిగారికి ఇప్పుడు ఇంట్లోనే తిప్పుతోందట. బంగళాకొస్తే బాగుంటోందట. పనేం లేకపోయినా వచ్చి కూర్చుంటున్నారు. దివానుగారు కచేరీలో తన కుర్చీ వంకరగా ఉందని ముగ్గురు వడ్రంగుల్ని పిలిపించారు.

నాకేం లేదు. నేను బాగానే ఉన్నాను. భోజనం బంగళాలోనే చేస్తున్నాను. ఇంట్లో వీధివసారా నాకు చాలు. తాళంచెవి దొరకలేదు.

డిసెంబరు 12, సోమవారం

కాత్యాయని వచ్చింది.

చెప్పకుండా వచ్చింది. పనిమనిషి గురువమ్మను వెంటబెట్టుకుని మధ్యాహ్నం రైలు దిగి నేరుగా బంగళాకే వచ్చేసింది. నేను నిచ్చెనెక్కి చాందినీ పైన కొక్కేలు చూస్తున్నాను. కింద నుంచి, "ఏమండీ" అని వినిపించింది. గుండు నా చేతిలోంచి జారి చాందినీకి చిల్లు పెట్టింది.

"జ్వరాలు..." అన్నాను.

"జ్వరాలూ లేవు, ఏమీ లేవు. స్టేషన్లో అడిగేను. మీరు రాసిన ఉత్తరాలు చదివి మా నాన్నకి నిద్ర పట్టడం లేదు. ప్రతీదాంట్లోనూ గొట్టం. క్షేమం అని ఒక్క ముక్క లేదు. అల్లుడికి ఏదో అయింది, వెంటనే వెళ్ళమ్మా అన్నారు."

అంతవరకూ గుమ్మం దగ్గరే నించుంది. అప్పుడు లోపల అడుగు పెట్టింది. పలకల మీద పాదం తూలి అలమారా పట్టుకుంది. నెమ్మదిగా చుట్టూ చూసింది. వాలిన చాందినీ, వాలిన రాజులు, వాలిన బల్లలు, ఓ మూల కుర్చీలో తనూ కాస్త పడమటికి ఒరిగి హాయిగా కూర్చున్న మూర్తిగారు.

నవ్వడం మొదలుపెట్టింది. పైట నోటికడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు. తివాసీ మీద కూలబడి నవ్వింది. గురువమ్మ కంగారుపడి, "అమ్మి, అమ్మి, ఏటయింది" అంటూ వీపు రాస్తోంది. ఆషాఢం తరవాత కాత్యాయని నవ్వు వినడం ఇదే మొదలు. నాకు ఏం చెయ్యాలో తెలియక, వాలు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను.

అంతా విని కళ్ళు తుడుచుకుని అడిగింది: "ఈ చలిలో దొర చన్నీళ్ళు పోసుకుంటాడా?"

నేను ఆదిశేషు వైపు చూశాను. ఆదిశేషు మూర్తిగారి వైపు. మూర్తిగారు గొట్టం వైపు. నెలరోజులుగా ఈ ఊళ్ళో ఇంతమందిమి తలలెత్తి చూస్తున్నాం. వేణ్ణీళ్ళ మాట ఒక్కరికీ తట్టలేదు.

డిసెంబరు 13

దివానుగారికి విన్నవించాను. "దొరకి వేణ్ణీళ్ళు కావలిస్తే అడుగుతాడు. వంకర గొట్టం ఎవడూ అడగడు" అన్నారు.

డిసెంబరు 14

ఇది రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

పొద్దున్న స్నానం చేసి వస్తుంటే కాత్యాయని వెనక గది తలుపు ముందు నించుని ఉంది.

"తాళంచెవి?"

"ఎక్కడో పడిపోయింది. వెతుకుతున్నాను."

దగ్గరికొచ్చి నా జంధ్యానికి కట్టి ఉన్న తాళంచెవి విప్పి తీసుకుంది.

అది అక్కడుందని నాకు తెలుసునా? తెలుసుననే అనుకోవాలి. రోజూ స్నానం చేస్తూనే ఉన్నాను. రోజూ అది ఛాతీకి చల్లగా తగులుతూనే ఉంది.

లోపల ఉయ్యాల అలాగే వేలాడుతోంది. బాబు ఉన్నది నాలుగు నెలలు. ఆషాఢంలో జ్వరంతో పోయాడు. ఆ కొక్కెం నేనే దిగ్గొట్టాను. ఉయ్యాల ఒక పక్కకి ఒరగకూడదని రెండు గొలుసులూ రసమట్టంతో సరిచూశాను. అప్పుడు కాత్యాయని వేళాకోళం చేసింది, మీ కొడుకు గిన్నెలో పాయసమా తొణకడానికి అని.

"మీరు దించండి" అంది.

"తరవాత చూద్దాం. దొర వచ్చి వెళ్ళాక."

"నెల్లాళ్ళుగా ఊళ్ళో కప్పులన్నిటికీ కొక్కేలు కొట్టేరు. ఇది ఒక్కటి విప్పలేరా?"

స్టూలెక్కాను. చెయ్యి కొక్కెం దాకా వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. ఎంతసేపో తెలియదు. తను కూడా అదే స్టూలెక్కింది. ఇద్దరికీ చోటు చాలక నా నడుం పట్టుకుంది. గొలుసు నేను ఎత్తాను, తను తప్పించింది. దించాక అక్కడే కింద కూర్చుని ఇద్దరం ఏడ్చాం. వాడు పోయినప్పుడు నేను ఏడవలేదు. అప్పుడు బావి దగ్గర గిలక విరిగితే అది బాగుచేస్తూ కూర్చున్నాను. తను పార్వతీపురం వెళ్ళిపోయింది అందుకే. జ్వరాలకి కాదు.

ఈ రోజు బంగళాకి వెళ్ళలేదు.

డిసెంబరు 15

ఆలస్యంగా వెళ్ళాను. చాందినీ చిల్లు కుట్టించాం.

1933 జనవరి 4, బుధవారం

దొర వచ్చాడు.

పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు. మోటారు దిగుతుంటేనే చూశాం. ఎడమ కాలు కుడిదాని కంటే పొట్టి. జర్మనీ యుద్ధంలో గుండు తగిలిందట. చేతికర్ర ఆనించుకుని, ప్రతి అడుగుకీ ఓడలా ఒక పక్కకి ఒరుగుతూ వస్తున్నాడు. దివానుగారు నా చెవిలో, "పలకల మీద పడితే ఏం గతి?" అన్నారు. నాకూ అదే భయం. తీసెయ్యడానికి వ్యవధి లేదు.

ఉత్తరపు గుమ్మంలోంచి లోపలికి అడుగుపెట్టాడు. దక్షిణం వైపు నడిచాడు. ఎత్తు తూర్పున, అంటే ఎడమ చేతి వైపు. పొట్టి కాలు ఎత్తు మీద పడింది, పొడుగు కాలు పల్లంలో పడింది. దొర మా కళ్ళ ముందు కొయ్యదిమ్మలా తిన్నగా నడిచాడు.

మధ్యలో ఆగి కర్ర వైపు చూసుకున్నాడు. కర్ర చంకన పెట్టుకుని మరో నాలుగడుగులు వేశాడు. తిన్నగానే. దక్షిణపు గుమ్మం చేరి, వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడు. ఈసారి రెండింతలు కుంటి, పడబోయాడు. ఆదిశేషు పట్టుకున్నాడు. దొర క్షణం ఆలోచించి దక్షిణపు గుమ్మంలోంచి బయటికి వెళ్ళి, వసారా చుట్టూ కుంటుకుంటూ తిరిగొచ్చి, మళ్ళీ ఉత్తరపు గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. ముఖం పసివాడిలా వెలిగిపోతోంది. ఇలా ఎన్నిసార్లు తిరిగాడో! వెనక దివానుగారు, ఆయన వెనక మూర్తిగారు, ఆయన వెనక నేను. పెళ్ళి ఊరేగింపులా.

ఆఖరికి కూర్చుని, ఇది ఎవరి పని అని ఇంగ్లీషులో అడిగాడు. దివానుగారు నన్ను ముందుకు నెట్టారు. కావాలని ఇలా కట్టారా అని నన్నే అడిగాడు.

నిజం చెప్పెయ్యాలనిపించింది. "లేదండి. గొట్టం ఒక్కటే తిన్నగా వేశాను. అది వంకరని అన్నారు. అందుకని మిగిలిందంతా వంచాం" అన్నాను తెలుగులో, ఇంగ్లీషు ఆ నిమిషానికి రాలేదు.

దొర దివానుగారి వైపు తిరిగాడు. దివానుగారు ఒక్క క్షణమైనా తడుముకోలేదు. తమ కాలి సంగతి ముందే తెలుసుకుని, తమ సౌకర్యం కోసం ఎస్టేటు ఇంజనీరు చేసిన ఏర్పాటు అని చెప్పారు. దొర లేచి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

గొట్టం వైపు ఒక్కసారీ చూడలేదు.

జనవరి 9

రెండు రోజులన్న దొర ఇన్నాళ్ళున్నాడు. అడవులు చూడ్డానికి గుడారి వెళ్ళాలి, వెళ్ళలేదు, హాల్లో నడిచాడు. ఈ రోజు వెళ్ళాడు. దివానుగారి బిరుదు సంగతి తనకి వదిలెయ్యమన్నాడట.

జనవరి 10

దివానుగారు ఆనందం పట్టలేక ఒక్కరూ హాల్లోకి వెళ్ళి దొరలాగే నడిచి చూశారు. రెండు కాళ్ళూ సమంగా ఉన్న మనిషి. జారి పడ్డారు. చీలమండ బెణికింది.

పలకలు తీసెయ్యమన్నారు. పలకలు తీస్తే బల్లలు బాగులేవు. బల్లలు దించితే పటాలు బాగులేవు. మూడు రోజుల్లో అన్నీ మొదటికి రావాలి.

జనవరి 14

అన్నీ మొదటికి వచ్చాయి. గొట్టం వంకరగా కనిపిస్తోంది.

విప్పించెయ్యమన్నారు.

కచేరీలో, రాజావారి కోటలో కూడా అన్నీ కంటికి తిన్నగా కనిపించేలా సరిచెయ్యాలి, నువ్వే చెయ్యాలి అన్నారు. నేను చెయ్యనన్నాను. చిన్నగానే అన్నాను గాని ఆయనకి వినబడింది. కాలు పీట మీద ఉంది కాబట్టి లేవలేకపోయారు. ఉద్యోగం తీసేస్తానన్నారు. సరే అన్నాను. ఎస్టేటు ఇంజనీరుగారిని బాగా చూసుకోమని దొర వెళ్తూ రాజావారితో అన్నాడట. అది ఆయనకి ఆ తరవాత గుర్తొచ్చింది. సాయంత్రం మనిషిచేత అరటిపళ్ళు పంపారు.

జనవరి 18

గొట్టం విప్పాం. ఆదిశేషు ఒక్కొక్క ముక్కా దించి కన్ను ఆనించి లోపల్నుంచి చూశాడు.

"తిన్నగా ఏసినాం బాబూ. తిన్నగానే ఇప్పినాం. దీన్లో ఎవుడికీ నష్టం నేదు" అన్నాడు. గట్టిగా అన్నాడు గాని ముఖం అటు తిప్పుకున్నాడు. బండెక్కుతూ, వాల్తేరొస్తే తన ఇంటికి రమ్మన్నాడు. భోజనం పెట్టాలని కాదు, తన గుమ్మం మట్టం ఎలా ఉందో నేను చూడాలట.

జనవరి 22, ఆదివారం

ముక్కలన్నీ గొడౌన్లో పడున్నాయి. కాత్యాయని ఒకటి అడిగింది, పెరటి వసారాలో బట్టలారేసుకోవడానికి. తెచ్చాను. రబ్బరు గొట్టం, రసమట్టం కూడా తెచ్చాను.

"అవన్నీ ఎందుకు? ఆ చివర పట్టుకోండి" అంది.

"ఒక్క నిమిషం, గుర్తు పెడతాను."

"బట్టలు తడిసి బరువుగా ఉన్నాయి. పట్టుకోండి."

పట్టుకున్నాను. తను తన వైపు చూరుకి కట్టింది, నేను నా వైపు కట్టాను. కంటికి సరిపోయిందనుకున్నాం. తను తన చీర, నా పంచె, దుప్పటి, గురువమ్మ కోక పిండి ఆరేసింది. చూస్తూ ఉండగానే దుప్పటి కదిలింది. తరవాత పంచె. ఒకటి తరవాత ఒకటి జారుకుంటూ వెళ్ళి నా చివర్న అన్నీ ఒకే ముద్దయ్యాయి. కోక చివర నుంచి నా తల మీద నీళ్ళు కారుతున్నాయి.

ఎంత వాలో కంటితోనే తెలుస్తోంది. చెప్పలేదు.

"విప్పి సరిగ్గా కట్టమంటావా?" అన్నాను.

కాత్యాయని ఆ ముద్దలోంచి నా పంచె లాగి, తన చివరకి తెచ్చి ఆరేసింది. అది మళ్ళీ జారింది. మళ్ళీ తెచ్చి ఆరేసి ఈసారి చేత్తో పట్టుకుని నించుంది.

"ఉండనివ్వండి. ఎండ బాగుంది, పట్టుకుని నించుంటే ఆరిపోతాయి" అంది.

ఒక చివర తను, ఒక చివర నేను. ఆరేదాకా పట్టుకున్నాం.